రాజుల గ్రంథములు – రాళ్ల సాక్ష్యము
(శతవార్షికోత్సవ సభలలో వేదాధ్యయన వర్గము తరఫున చేసిన ప్రసంగ పాఠము)

  మేము పండితులము కాము. మాలో ఇద్దరు బడిపంతుళ్లు, ఒక నర్సమ్మగారు, ఒక రైల్వే ఉద్యోగి, విశ్రాంతి తీసికొనిన ఒక ఉపదేశిగారు ఉన్నారు. బుధవారము సాయంకాలమున కూడి, ఒక్కొక్క అధ్యాయము చదివి, తెలిసినంత మాటలాడుకొని, ప్రార్థన చేసికొని ఇండ్లకు పోవువారము. ఈ విషయము మీద మాటలాడవలసిన అవసరము మాకు ఎట్లు కలిగెనో మొదట మనవి చేసెదము.

ఒక బుధవారము రాజులు రెండవ గ్రంథము 18వ అధ్యాయము చదువుచుంటిమి. పట్టణములో కాలేజీ చదువు చదువుచున్న మన సంఘపు అబ్బాయి ఒకడు లేచి, “అయ్యా, హిజ్కియా అష్షూరు రాజునకు కట్టిన వెండి బైబిలులో ఒక లెక్క, ఆ రాజు శాసనములో మరియొక లెక్క ఉన్నదట. రెంటిలో ఏది నిజము?” అని అడిగెను. మాలో ఒకరు, “బాబూ, విశ్వాసముతో చదువుము, లెక్కలు వేయకుము” అని కూర్చుండబెట్టిరి. మిగిలినవారము ఊరకుంటిమి. తరువాత మూడు వారములు ఆ అబ్బాయి కూటమునకు రాలేదు. అప్పుడు మాకు మనస్సు నొచ్చినది. అతడు అడిగినది తప్పు ప్రశ్న కాదు. జవాబు తెలియని మన సిగ్గును విశ్వాసమను ముసుగుతో కప్పుకొనుటయే తప్పు. మేము వారింటికి వెళ్లి, “బాబూ, నీ ప్రశ్న మాకును కావలెను, రమ్ము, కలిసి వెదకుదము” అని పిలుచుకొని వచ్చితిమి. ఆ వెదకుటలో మాకు దొరికినదే నేడు మీ ముందుంచుచున్నాము.

మొదట ఈ గ్రంథము ఎటువంటిదో తెలిసికొనవలెను. రాజుల గ్రంథములు వ్రాసినవారు చాలమంది రాజుల కథల చివరను ఇంచుమించు ఒకే మాట చెప్పుదురు: ఈ రాజు చేసిన తక్కిన పనులు రాజుల వృత్తాంతముల గ్రంథములో ఉన్నవి, కావలసినవారు అక్కడ చూచుకొనవచ్చును అని. ఆ మూల గ్రంథములు నేడు లేవు. అయితే ఈ మాట వలన రెండు సంగతులు తేటపడుచున్నవి. ఒకటి, వ్రాసినవారి యెదుట పాత దస్తావేజులు ఉండెను. రెండు, వారు అన్నియు వ్రాయలేదు, ఏరి వ్రాసిరి. ఏ రాజు ఎంత గొప్పవాడు అనునది వారి ప్రశ్న కాదు. ఏ రాజు దేవుని యెదుట ఎట్లు నడిచెను అనునదే వారి ప్రశ్న.

దీనికి మంచి ఉదాహరణ ఒమ్రీ. 12 సంవత్సరములు ఏలెననియు, షెమెరు అనువాని యొద్ద కొండను కొని షోమ్రోను పట్టణము కట్టించెననియు, చెడు నడత నడిచెననియు ఆరు వచనములలో అతని కథ ముగిసిపోవును. కాని అష్షూరువారి శాసనములను చూడగా, అతడు చనిపోయి నూరేండ్లు దాటినను, అతని వంశము నశించిపోయినను, వారు ఇశ్రాయేలు దేశమును ‘ఒమ్రీ ఇల్లు’ అనియే పిలుచుచుండిరి. లోకము దృష్టిలో అంత పేరు గల రాజు. వేదము దృష్టిలో ఆరు వచనములు. ఇది చరిత్ర తెలియక చేసిన పని కాదు. వేరొక త్రాసుతో తూచిన పని.

ఒమ్రీ పేరు మరియొక రాతి మీద ఉన్నది. 1868లో క్లైన్ అను మిషనరీగారు యొర్దానుకు ఆవలి దేశములో ప్రయాణము చేయుచు, దీబోను అను పాత ఊరి దిబ్బల యొద్ద ఒక నల్లని రాతిని చూచెను. దానిని కొనవలెనని పలువురు పోటీపడగా, ఆ రాతి నిమిత్తము తగవులు పుట్టి, అచ్చటి అరబ్బులు దానిని పగులగొట్టిరి. దైవకృప వలన అంతకుముందే క్లెర్మోన్-గన్నో అను ఫ్రెంచి పండితుడు తడి కాగితము అద్దించి దాని అచ్చు తీయించియుండెను. ముక్కలను ఏరి, ఆ అచ్చు సాయముతో అతికించిరి. ఇప్పుడది పారిసు నగరపు లూవ్రు మ్యూజియములో ఉన్నది.

ఆ శాసనము వ్రాయించినవాడు మోయాబు రాజైన మేషా. రాజులు రెండవ గ్రంథము 3వ అధ్యాయములో గొఱ్ఱెల మందలు కలిగి, ఇశ్రాయేలునకు పన్ను కట్టి, తరువాత తిరుగబడిన మేషా ఇతడే. ఒమ్రీ మోయాబును చాలదినములు బాధించెననియు, తన దేవతయైన కెమోషు తన దేశముపై కోపించుటయే దానికి కారణమనియు, తరువాత తాను విడుదల సంపాదించితిననియు ఇతడు చెప్పుకొనుచున్నాడు. ఇశ్రాయేలీయుల దేవుని పేరు కూడ ఆ రాతి మీద ఉన్నది. బైబిలుతో ఏ సంబంధమును లేని ఒక శత్రురాజు అదే రాజులను, అదే పన్ను తగవును చెప్పుచున్నాడు.

అయితే అన్నియు సరిపోవునా? సరిపోవు. బైబిలు ప్రకారము అహాబు మరణించిన తరువాత మేషా తిరుగబడెను. రాతి ప్రకారము ఒమ్రీ కాలమును, అతని కుమారుని కాలములో సగమును కలిపి 40 సంవత్సరములకు విడుదల. ఒమ్రీ 12, అహాబు 22 కలిపినను 34 మాత్రమే వచ్చును. ‘కుమారుడు’ అనగా ఇచ్చట వంశజుడనియు, మనుమడైన యెహోరామనియు కొందరు పండితులు చెప్పుదురు. 40 అనునది గుండు లెక్క అని మరికొందరు చెప్పుదురు. మేము తీర్పరులము కాము. సంగతి ఒకటే, తేదీలో తేడా ఉన్నది, అని ఒప్పుకొనుటకు మాకు భయము లేదు.

ఇక సంవత్సరముల లెక్క. రాజుల గ్రంథములు చదువువారికి తల తిరుగునది ఇచ్చటనే. ఈయన ఏలుబడిలో ఇన్నవ యేట ఆయన ఏలనారంభించెను అని వ్రాయబడియుండును, కూడినచో మొత్తములు కలియవు. మా రైల్వే సహోదరుడు కాగితము పెన్సిలు పట్టుకొని రెండు నెలలు కూర్చుండెను. చివరకు ఒక చిక్కు ముడి విడినది, వినుడి.

అష్షూరువారు ఏటేట ఒక అధికారి పేరు పెట్టి సంవత్సరములను లెక్కించిరి. అట్టి ఒక సంవత్సరమున సూర్యగ్రహణము పట్టినట్లు ఆ పట్టీలో ఉన్నది. ఖగోళ శాస్త్రజ్ఞులు గుణించి చూడగా అది క్రీ.పూ. 763 జూన్ 15. ఆ మేకు బిగిసిన తరువాత మిగిలినవన్నియు దానికి కట్టుకొనవచ్చును. షల్మనేసెరు అను అష్షూరు రాజు క్రీ.పూ. 853లో కర్కరు యొద్ద యుద్ధము చేసి, ఎదిరించినవారిలో ఇశ్రాయేలువాడైన అహాబు 2,000 రథములతోను 10,000 కాల్బలముతోను ఉండెనని వ్రాయించెను. అదే రాజు క్రీ.పూ. 841లో యెహూ యొద్ద కప్పము పుచ్చుకొంటినని నల్లరాతి స్తంభము మీద చెక్కించెను. 1846లో లేయార్డుగారు నిమ్రూదులో త్రవ్వి తీసిన ఆ స్తంభము లండనులో ఉన్నది. కప్పము తెచ్చినవాడు నేల మీద సాగిలపడియున్న బొమ్మ దాని మీద ఉన్నది.

అనగా అహాబు బ్రదికియున్న సంవత్సరమునకును యెహూ రాజైయున్న సంవత్సరమునకును మధ్య 12 ఏండ్లే. బైబిలులో ఆ ఇద్దరి నడుమ అహజ్యా 2 ఏండ్లు, యెహోరాము 12 ఏండ్లు, మొత్తము 14. తప్పు వచ్చెనా? రాలేదు. నడుచుచున్న సంవత్సరము ఎంత కొద్దిదైనను దానిని ఒక సంవత్సరముగా లెక్కించుట అప్పటి ఇశ్రాయేలువారి పద్ధతి. ఒక రాజు చివరి యేడు, తరువాతి రాజు మొదటి యేడు, రెండును ఒకే సంవత్సరమే. మన ఇండ్లలో బిడ్డకు నాలుగు నిండగానే ‘అయిదవ యేడు’ అనుట లేదా? అట్లు సరిచూచినచో 2 అనునది 1, 12 అనునది 11. మొత్తము 12. ఎడ్విన్ థీలె అను పండితుడు 1951లో వెలువడిన గ్రంథములో ఇట్టి ముడులను అనేకము విప్పెను. అన్నియు విడినవని చెప్పము. హిజ్కియా కాలపు లెక్క ఇంకను కష్టముగానే ఉన్నది. కాని తెలియక కూడినప్పుడు తప్పుగా కనబడినది, వారి పద్ధతి తెలిసికొని కూడగా సరియైనది.

ఇంకొక సంగతి గమనించుడి. కర్కరు యుద్ధము బైబిలులో లేనేలేదు. యెహూ కప్పము కట్టుట కూడ లేదు. అహాబును గూర్చి బైబిలు చెప్పునది రథముల సంఖ్య కాదు, నాబోతు ద్రాక్షతోట. 2,000 రథముల రాజు ఒక రైతు తోటను కాజేసెను అను సంగతి షల్మనేసెరునకు తెలియదు, తెలిసినను చెక్కించడు. దానిని వ్రాయుటకు ఏలీయా దేవుని సేవకులే కావలెను.

1993లో ఉత్తర ఇశ్రాయేలులోని దాను దిబ్బ యొద్ద బిరాను అను పురావస్తు శాస్త్రజ్ఞుని బృందమువారికి ఒక శాసనపు ముక్క దొరకెను. మరుసటి యేడు మరి రెండు ముక్కలు దొరకెను. అరాము భాషలోని ఆ శాసనములో ‘దావీదు ఇల్లు’ అను మాట ఉన్నది. అంతవరకు దావీదు కేవలము కథలోనివాడు అనినవారు కొందరు ఉండిరి. దావీదు తరువాత నూరేండ్లు దాటిన పిమ్మట ఒక శత్రురాజు యూదా రాజ్యమును అతని పేరుతో పిలిచెనని చాలమంది పండితులు నేడు ఒప్పుకొనుచున్నారు. ఇది సంతోషకరమైన సంగతి.

కాని అదే రాయి మనకొక ప్రశ్న కూడ వేయుచున్నది. ఇశ్రాయేలు రాజును, దావీదు ఇంటి రాజును తానే చంపితినని ఆ అరాము రాజు చెప్పుకొనుచున్నాడు. పేర్లున్న చోట రాయి విరిగినను, మిగిలిన అక్షరములను బట్టి యెహోరాము, అహజ్యా అని పండితులు చదువుచున్నారు. రాజులు రెండవ గ్రంథము 9వ అధ్యాయము ప్రకారము ఆ ఇద్దరిని చంపినది యెహూ. హజాయేలు చేతిలో గాయపడియున్న యెహోరామును యెహూ చంపెనని అక్కడే ఉన్నది గనుక ఆ ఘనతను హజాయేలు తనదిగా చెప్పుకొనెనో, వారిద్దరికి లోలోపల ఒడంబడిక ఉండెనో చెప్పలేము. సంతోషపెట్టు సగమును మాత్రము చదివి, ప్రశ్నించు సగమును దాచుట న్యాయము కాదని మాత్రము చెప్పుదుము.

ఇక ఆ అబ్బాయి ప్రశ్నకు వచ్చెదము. క్రీ.పూ. 701లో సన్హెరీబు యూదా మీదికి వచ్చెను. ఈ దండయాత్రను గూర్చి మనకు ఇరుపక్షముల సాక్ష్యమును, నేల సాక్ష్యమును కూడ ఉన్నవి. సన్హెరీబు తన విజయములను మట్టితో చేసి కాల్చిన ఆరు ముఖముల స్తంభముల మీద వ్రాయించెను. ప్రాకారములు గల 46 పట్టణములను పట్టుకొంటిననియు, 2,00,150 మందిని బయటికి తోలితిననియు, హిజ్కియాను యెరూషలేములో పంజరములోని పక్షివలె మూసితిననియు, 30 తలాంతుల బంగారమును 800 తలాంతుల వెండిని పుచ్చుకొంటిననియు చెప్పుకొనెను. బైబిలు మూలములో 30 తలాంతుల బంగారము, 300 తలాంతుల వెండి. మన తెలుగు బైబిలు తలాంతులను మణుగులలోనికి మార్చినది గనుక అంకెలు వేరుగా కనబడును.

బంగారము లెక్క అక్షరాల ఒకటే. వెండి లెక్కలో తేడా. తూకములు వేరై యుండవచ్చును, దేవాలయపు తలుపుల రేకులు మొదలైన వాటిని అతడు కలిపియుండవచ్చును, గొప్పకు పెంచియుండవచ్చును, నకలు వ్రాసినవారి చేతిలో మారియుండవచ్చును. ఏది నిజమో రుజువు లేదు. అయితే బైబిలును ఎరుగని అష్షూరువారి వ్రాత, 19వ శతాబ్దములో మరల చదువ నేర్చువరకు ఎవరికిని తెలియని వ్రాత, అదే రాజు, అదే శత్రువు, అదే కప్పము, అంతే బంగారము అని చెప్పుచున్నప్పుడు, వెండి తేడా చూచి కథ అంతయు కల్పితమనుట తగునా?

తేడా అది ఒక్కటే కాదు. సన్హెరీబు ప్రకారము కప్పము తరువాత నీనెవెకు పంపబడెను. బైబిలు ప్రకారము ముట్టడి మాటలకు ముందే హిజ్కియా లాకీషులోనున్న రాజునకు కబురు పంపి కట్టెను. దినవృత్తాంతముల రెండవ గ్రంథములోనైతే ఈ కప్పము మాటయే లేదు. పరిశుద్ధ గ్రంథములోనే ఒకరు చెప్పినదానిని మరియొకరు విడిచిరి. మంచి రాజైన హిజ్కియా భయపడి, దేవుని ఆలయపు తలుపుల బంగారమును ఊడదీసి ఇచ్చెనని రాజుల గ్రంథకర్త దాచక వ్రాసెను.

సన్హెరీబు యెరూషలేమును పట్టుకొంటినని మాత్రము ఎచ్చటను చెప్పలేదు. నీనెవెలోని తన నగరు గోడల మీద అతడు చెక్కించుకొనినది లాకీషు ముట్టడి. ఆ రాతి పలకలు ఇప్పుడు లండనులో ఉన్నవి. లాకీషు దిబ్బను త్రవ్వినప్పుడు అష్షూరువారు గోడకు చేర్చి పోసిన రాళ్ల దిబ్బయు, బాణపు ములుకులును, వడిసెల రాళ్లును బయటపడెను. చిత్రమును, భూమియు, గ్రంథమును ఒక్కటే చెప్పుచున్నవి. యెరూషలేము ఎందుకు తప్పించుకొనెను? కప్పము కట్టుట చేతనని చరిత్రకారుడు చెప్పవచ్చును. యెహోవా దూత వలననని గ్రంథము చెప్పును. దూతను పారతో త్రవ్వి తీయలేము. దూత లేడని పారతో రుజువు చేయనును లేము. పట్టణము నిలిచెను అనునది చరిత్ర. నిలిపినవాడెవడు అనునది విశ్వాసము. ఈ రెంటిని కలిపి కలవరపడనక్కరలేదు.

సన్హెరీబును అతని కుమారులే చంపిరని రాజుల గ్రంథము చెప్పుచున్నది. చదువునప్పుడు ఇంటికి పోగానే చచ్చినట్లు తోచును. నిజమునకు 20 ఏండ్ల తరువాత, క్రీ.పూ. 681లో అది జరిగెను. కుమారుడు చంపెనని బబులోను వృత్తాంతమును సాక్ష్యమిచ్చుచున్నది.

ఆ కాలపు మరియొక సాక్ష్యము మా హృదయమును తాకినది. యెరూషలేములో గిహోను ఊట నీటిని పట్టణములోనికి తెచ్చు సొరంగము 533 మీటర్ల పొడవున రాతిలో తొలచిరి. హిజ్కియా నీళ్లు తెప్పించెనని గ్రంథము చెప్పును. 1880లో నీళ్లలోనికి దిగిన ఒక బడిపిల్లవాడు దాని గోడ మీద అక్షరములను చూచెను. రెండు వైపుల నుండి త్రవ్వుచు వచ్చిన పనివారు ఒకరి కేక ఒకరు విని, గొడ్డలికి గొడ్డలి ఎదురుగా కొట్టి కలిసికొనిరని, నీళ్లు ప్రవహించెనని అందులో ఉన్నది. అది ఇప్పుడు ఇస్తాంబులులో ఉన్నది. ఆ శాసనములో రాజు పేరు లేదు! ఎవరి కేక ఎవరు వినిరో ఆ సంతోషమే ఉన్నది.

మిగిలినవి త్వరగా చెప్పెదము. మనష్షే పేరు ఏసర్హద్దోను శాసనములలో కప్పము కట్టు రాజుల పట్టీలో ఉన్నది. చెరపట్టబడిన యెహోయాకీనునకును, అతని అయిదుగురు కుమారులకును నూనె కొలిచి ఇచ్చిన లెక్కలు బబులోను మట్టి పలకలలో దొరకెను, 1939లో ప్రకటింపబడెను. రాజుల గ్రంథపు చివరి మాటలు ఆ రాజు బబులోనులో భోజనము పొందుటను గూర్చినవే. సొలొమోను పేరు మాత్రము అతని కాలపు ఏ శాసనములోను ఇంతవరకు దొరకలేదు. హాసోరు, మెగిద్దో, గెజెరు పట్టణముల గుమ్మములు అతనివేనని యాదీను అను పండితుడు చెప్పగా, కొన్ని అహాబు కాలమువని ఫింకెల్‌స్టైన్ అను పండితుడు వాదించెను. ఆ వాదము తీరలేదు. దొరకనంత మాత్రమున లేదని చెప్పరాదు. దొరకనిది దొరికెనని మనము చెప్పరాదు.

ప్రియులారా, మేము తెలిసికొనినది ఇది. రాజుల గ్రంథములు పుక్కిటి పురాణములు కావు. ఒమ్రీ కాలము మొదలుకొని చెరవరకు రాజుల పేర్లు, వరుస, అన్యరాజుల పేర్లు బయటి సాక్ష్యముతో చాలవరకు సరిపోవుచున్నవి. దినచర్య పుస్తకములును కావు. కొన్ని చోట్ల లెక్కలు కలియవు, కొన్ని చోట్ల వరుస మారును. కొన్ని మాటలను ఏ రాయియు తేల్చలేదు. ఈ మూడును ఒప్పుకొనువాని విశ్వాసము చెడదు.

చివరకు మన ఉత్సవమును గూర్చి ఒక మాట. మాలో ముగ్గురము ఈ శతాబ్ది చరిత్ర వ్రాయు ఉపసంఘములో కూడ ఉంటిమి. మా పాస్టరేటు గుడి కట్టిన సంవత్సరము పునాది రాతి మీద ఒకటి, రిజిష్టరులో మరియొకటి. విచారింపగా ఒకటి పునాది వేసినది, ఒకటి ప్రతిష్ఠ చేసినది. రెండును నిజమే. దానికి నవ్వుకొంటిమి. కాని రెండు పేటల మధ్య తగవు వచ్చి, ఒకరి ప్రక్క ఒకరు కూర్చుండమని పట్టుపట్టి, గుడికి తాళము పడిన నెలలను గూర్చి మా మొదటి చిత్తుప్రతిలో ఒక్క మాటయు లేదు. ఎవరును దాచమని చెప్పలేదు. అందరమును ఊరకనే విడిచితిమి. గుడి కట్టించినవారి పేర్లు వ్రాసితిమి, రాళ్లు మోసిన స్త్రీల మాట వ్రాయలేదు.

ఆ బుధవారపు అబ్బాయి ఆ చిత్తును చదివి, “ఇది సన్హెరీబు స్తంభము వలె ఉన్నది గదా!” అనెను. ఈసారి ఎవరును అతనిని కూర్చుండబెట్టలేదు. తాళము సంగతి వ్రాసితిమి. సమాధానపడిన దినమును, ఆ దినమున ఇరుపేటలవారు ఒక్క పాత్రలో ప్రభు బల్ల పుచ్చుకొనుటను వ్రాసితిమి. రాళ్లు మోసినవారి పేర్లు బ్రదికియున్న ముసలమ్మల నోట విని, దొరికినంత చేర్చితిమి.

దావీదు పాపమును, హిజ్కియా భయమును దాచని గ్రంథము మన చేతిలో ఉన్నది. దానిని నమ్ముటకు మాకు తోచిన బలమైన కారణములలో ఇది ఒకటి. రాబోవు నూరేండ్ల తరువాత మన సంచికను తెరచు బిడ్డలు మన మాటను నమ్మవలెనన్న, మనమును అట్లే వ్రాయవలెను. పిల్లలు ప్రశ్న అడిగినప్పుడు వారిని కూర్చుండబెట్టక, వారి ప్రక్కన మనము కూర్చుందుము గాక. దేవుడు ఈ అధ్యక్ష మండలమును దీవించును గాక.